తూకమ్మ అనుమానం

ఆవిడకు తూకమ్మ అని పేరు పెట్టింది బాలింతలే. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడావిడ లేదు కనుక అనవచ్చు.

యుద్ధం మొదలై ప్రసూతి ఆసుపత్రిని గాయపడిన సైనికులకు ఇచ్చేశాక, తల్లీపిల్లల కేంద్రం మూతబడిన సినిమా హాలు సెల్లార్లోకి మారింది. కప్పు కింది పైపుకు కొక్కెం త్రాసు తగిలించి, గుడ్డ ఉయ్యాలలో పిల్లల్ని తూచడం ఆవిడ పని. బరువు తక్కువున్న బిడ్డకు వారానికో పాలపొడి డబ్బా. బిడ్డను చూడందే డబ్బా లేదు.

మనిషి మాట మీద ఆవిడకు నమ్మకం తక్కువ. మొగుడు దగ్గినా నిజం దగ్గేనా అని తొంగిచూస్తుందని ఆడపడుచులు నవ్వేవారు.

ఆ చలికాలం ఒక కుట్టుపనామె సోమవారం తన కొడుకునీ, గురువారం తోడికోడలి బిడ్డనీ తెచ్చేది. టోపీలు వేరు, గడ్డం ఒకటే. తూకమ్మ అది కనిపెట్టింది. సోమవారం పిల్లాడి మడమ మీద నోటిపూతకు వాడే ఊదారంగు మందు ఓ చుక్క రాసింది. గురువారం మేజోడు లాగి చూసింది.

"నీ తోడికోడలి బిడ్డకూ నేనే రాశానా ఈ మందు?"

"ఇద్దరూ ఒకేలా ఉంటారమ్మా..."

"మడమలు కూడానా?"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ రెండో డబ్బా ఏ కొట్టుకు అమ్ముతున్నావ్?"

కుట్టుపనామె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "తోడికోడలికి బిడ్డ నిజంగానే ఉందమ్మా. ఆడపిల్ల. గుమ్మం దగ్గర సిపాయి ప్రతి బాలింతనీ మొగుడెక్కడని అడుగుతాడు. అదేం చెబుతుంది? భయంతో బిడ్డను నా చేతికీ ఇవ్వదు."

పటాలం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబుండదు. అయినా తూకమ్మ నమ్మలేదు. మధ్యాహ్నం త్రాసునీ డబ్బానీ సంచీలో వేసుకుని ఆమె వెంట బయలుదేరింది. పాప లేకపోతే డబ్బా వెనక్కే.

తోడికోడలి ఇంటి తలుపు గొలుసు మేరకే తెరుచుకుంది.

"ఎవర్ని తెచ్చావక్కా?"

"తూకమ్మనే."

"వెనకాల ఇంకెవరున్నారు?"

తననే అనుమానించడం తూకమ్మకు కొత్త. మండిపోయింది. అయినా త్రాసును సందులోంచి లోపలికి అందించింది.

"సరే, నువ్వే తూచి చెప్పు."

లోపల కొక్కెం కిర్రుమంది. సన్నని ఏడుపు మొదలై సగంలోనే ఆగిపోయింది.

"నాలుగున్నర కిలోలు," అంది తల్లి.

డబ్బా ఇచ్చేంత తక్కువ, పెద్దాసుపత్రికి పంపనంత ఎక్కువ. అచ్చం ఎవరో చెప్పి పెట్టినట్టుంది.

"అంత బరువున్న బిడ్డకు ఏడ్చే ఓపిక ఉంటుందమ్మా. తలుపు తియ్యి. ముల్లు నేను చూడాలి."

చాలాసేపటికి గొలుసు జారింది.

గదికి అడ్డంగా తెర, తెర కింద మగమనిషి పాదాలు. ఊళ్లో అందరి గుట్టూ తొంగిచూసే తూకమ్మ అటు వీపు పెట్టి కూర్చుంది. పాపను ఉయ్యాలలో వేసింది. ముల్లు నాలుగు దాకా కూడా పోలేదు.

"డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ పోస్తున్నావు కదూ?"

తల్లి లేదన్నట్టు తల ఊపింది.

"స్టవ్ వెలిగించు," అంటూ తూకమ్మ సంచీలోంచి డబ్బా తీసింది. "నా కళ్ల ముందే కలుపు. రేపూ వస్తా. ఎల్లుండీ వస్తా. నీ మాట నేను నమ్మను."