టీచరమ్మకు పచ్చగడ్డి రాసిచ్చిన వకీలు

నేను వకీలునయ్యాక సొంతంగా రాసిన మొదటి పత్రం వల్ల, అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ తెలుగు టీచరుగారికి రోజుకు రెండు పూటలా పచ్చగడ్డి మంజూరైంది. అదీ ప్రభుత్వ కార్యాలయంలో, పదిమంది ముందు. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేసుకోండి. పోనుపోను నాకు కొంచెం బెంగ పట్టుకుంటుంది, అప్పుడు నవ్వితే బాగుండదు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సీనియర్ వకీలు దగ్గర ఫైళ్లు మోసేవాణ్ణి. కోటు కొత్తది, బుర్ర అంతకంటే కొత్తది. రెంటినీ పెద్దగా వాడింది లేదు.

మా పెద్దనాయన రాములు నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు లారీ నడిపి, ఎల్బీనగర్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. పిల్లల్లేరు. తన తర్వాత ఇల్లు ముక్కలు కాకూడదని దాన్ని ట్రస్టు కింద పెట్టాడు. బతికున్నన్నాళ్లు తానే ధర్మకర్త, ఆ తర్వాత నేను. వచ్చే కిరాయి మా ఇంటి పిల్లల చదువులకు.

పైపోర్షన్‌లో ఇరవై ఏళ్లుగా సుభద్ర టీచరుగారు ఉండేవారు. తెనాలి వైపు మనిషి. భర్త పోయాక ఒంటరిగానే ఉన్నారు. మా ఇంట్లో పిల్లలందరికీ ఒత్తులు దిద్దించింది ఆవిడే. నేను ‘ఒస్తున్న’ అని రాస్తే, “మాట్లాడేటప్పుడు నీ ఇష్టం, రాసేటప్పుడు నా ఇష్టం” అనేవారు.

ఒకరోజు కిరాణా కొట్టు దగ్గర ఎవరో ఆవిణ్ణి, “మీరెప్పుడు పోతరు మీ ఊరికి?” అని అడిగారు. ఆ సాయంత్రం పెద్దనాయన చౌరస్తాలో దీక్షా శిబిరం నుంచి వచ్చేసరికి, ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

“గీ డబ్బాలేంది టీచరమ్మా?”

“ఎప్పటికైనా వెళ్లాల్సిందే కదండీ రాములుగారూ. ఇంకొకళ్లు అనేదాకా ఎందుకు?”

“మా కొట్లాట ఢిల్లీతోటి. మీతోటి గాదు.”

కిందికొచ్చి నన్ను పిలిచాడు. “శీనుగా, ట్రస్టు కాయితం మార్చాలె. టీచరమ్మ ఉన్నన్ని రోజులు పైపోర్షన్ ఆమెదే. నేను పోయినంక నువ్వు గూడ ఎళ్లగొట్టొద్దు.”

“నేనెందుకు ఎళ్లగొడ్త పెద్దనాయనా?”

“నువ్వు వకీలువు. కాయితం ఉండాలె.”

మా సీనియర్‌ని అడిగితే ఆయన నింపాదిగా చెప్పాడు. “ముందు పాత దస్తావేజు చదువు. మార్చుకునే హక్కు ఆయన తన దగ్గర ఉంచుకున్నాడో లేదో చూడు. ఉంటే, ఏ పేరా మారుతుందో అది మాత్రం రాసి, మిగిలింది యథాతథం అను. రాసింది రెండుసార్లు చదువు.” హక్కు ఉంది. అంతవరకు చూశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వకీలు, రాసింది చదవాలనే ఎరగడు.

రెండుసార్లు రిజిస్ట్రేషన్‌కు పోదామనుకుంటే రెండుసార్లూ బంద్. నేనూ హాయిగా కాళ్లు చాపుకున్నాను. ఉన్నట్టుండి ఒక ఉదయం పెద్దనాయన ఫోన్ చేశాడు. “ఇయ్యాల ఆఫీసు తెరిసిన్రు. రేపు మల్ల బందంట. టీచరమ్మను తోల్కొని పోతున్న. కళ్లార చూస్తెనే ఆమెకు నమ్మకం. నువ్వు కాయితం పట్టుకొని రా.”

కాయితం మీద అక్షరం పుట్టలేదు. సీనియర్ బీరువా అంతా గాలిస్తే ట్రస్టు సవరణ పత్రం ఒక్కటే దొరికింది. నాదర్‌గుల్ వైపు ఒక గోశాలది. ముసలి ఆవుల కోసం నియమాలు చేర్చిన పత్రం. దాన్ని పట్టుకుని డీటీపీ షాపుకు పరుగెత్తాను.

“అన్నా, పేర్లు, ఇంటి నంబరు మార్చు. ‘గోశాల’ అని ఉన్నకాడ ‘పైపోర్షన్’ పెట్టు. ‘గోవు’ అని ఉన్నకాడల్లా ‘సదరు లబ్ధిదారు’ అని పెట్టు.”

“ఒక్కసారి సదివి చూస్కోరాదు?”

“టైం లేదన్నా.”

రిజిస్ట్రార్ ఆఫీసులో అధికారి పెద్దవయసాయన. మొదట లోలోపల చదువుకున్నాడు. తర్వాత నెమ్మదించాడు. తర్వాత పైకే చదివాడు.

“‘సదరు లబ్ధిదారుకు పైపోర్షన్‌లో గాలి, వెలుతురు తగిలే చోటు కేటాయించవలెను.’ బాగుంది. ‘సదరు లబ్ధిదారుకు రోజూ రెండు పూటలా పచ్చగడ్డి, వారానికొకసారి తవుడు పెట్టవలెను.’”

కళ్లజోడు తీసి నన్ను చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

“‘సదరు లబ్ధిదారును సాయంత్రం మేతకు తోలుకొని పోయి, చీకటి పడకముందే తెచ్చి కట్టివేయవలెను.’”

వెనక వరుసలో నవ్వులు. వానాకాలంలో మలక్‌పేట వంతెన కింద నీళ్లలాగా నా ఒంటి మీద చెమట నిలిచిపోయింది.

“గడ్డేందిరా?” అన్నాడు పెద్దనాయన.

“అది ఆవులది పెద్దనాయనా. పొరపాటైంది.”

“ఆవులది టీచరమ్మకెందుకు పెట్టినవ్?”

టీచరుగారు చెయ్యి చాపి పత్రం తీసుకున్నారు. తిడతారనుకున్నాను. ఆవిడ సంచిలోంచి ఎర్ర కలం తీశారు.

“శ్రీనివాసూ, ‘లబ్ధి’లో ఒత్తు ‘ధ’ ఉండాలి కదయ్యా. మామూలు ‘ద’ పెట్టావేం? గడ్డి పెడితే పెట్టావు, అక్షరం తప్పు పెట్టకు.”

ఈసారి అధికారి కూడా నవ్వాడు. చివరి పేరా మిగిలిందంటూ పత్రం మళ్లీ అందుకున్నాడు.

“‘సదరు లబ్ధిదారు పాలిచ్చినా ఇవ్వకపోయినా, ముసలిదై లేవలేకపోయినా, ప్రాణమున్నంత వరకు ఆ చోటునుంచి ఎవరూ వెళ్లగొట్టరాదు.’”

ఎవరూ నవ్వలేదు.

“గా మాట ఉంచున్రి సారు,” అన్నాడు పెద్దనాయన.

“పాలు తీసెయ్యాలి కదా.”

“పాలు తీసెయ్యిన్రి. మిగిలింది ఉంచున్రి.”

టీచరుగారు కిటికీ వైపు తిరిగారు. అటే చూస్తూ, “‘ముసలిదై’ వద్దు. ‘వృద్ధాప్యంలో’ అని రాయి,” అన్నారు.

మళ్లీ టైపు చేయించాను, మూడుసార్లు చదివాను. ఆఫీసు మూసేలోపు రిజిస్ట్రేషన్ అయిపోయింది. మర్నాడు బంద్ కావడంతో తీరిగ్గా పైన కూర్చుని, అట్టపెట్టెల్లోని పుస్తకాలు నేనూ పెద్దనాయనా అలమరల్లోకి ఎక్కించాం.

రాష్ట్రం వచ్చింది. రెండేళ్లకు పెద్దనాయన పోయాడు. ఆ తర్వాత మూడేళ్లకు టీచరుగారు, అదే పైపోర్షన్‌లో, తన మంచం మీదే. ఇప్పుడు అక్కడ ఓ యువ జంట ఉంటోంది. మంచివాళ్లు. నేను వెళితే కూర్చోబెట్టి టీ ఇస్తారు. టీ తాగుతూ నేను వంటింటి తలుపు వైపే చూస్తుంటాను, ఎవరైనా ఎర్ర కలం పట్టుకుని వస్తారేమోనని. ఎవరూ రారు. నా జూనియర్లకు నా తెలుగంటే భయం. తప్పు రాసినా ఒప్పే అంటారు. ఈ మధ్య ఒక నోటీసులో కావాలనే ‘లబ్ది’ అని రాసి పంపాను. కోర్టు దాకా వెళ్లి వచ్చింది, ఒక్క ఎర్ర గీత లేకుండా.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయడమేమనగా: ఇకమీదట ఆవుకు ఆవు పత్రమే, మనిషికి మనిషి పత్రమే రాస్తాను. ఒకరిది చదవకుండా ఇంకొకరికి తగిలించను. అయితే ఎవరైనా వచ్చి, వృద్ధాప్యంలో ఒక మనిషికి చోటు రాయమని అడిగితే మాత్రం, ముందుగా ఆవుల పత్రమే తీసి చూస్తాను. మనుషుల పత్రాల్లో ఆ పేరా నాకు ఇంతవరకు దొరకలేదు.