బుడగకి తలుపు బిగించే మా మరిది

మా మరిది గోపి ఏ పనైనా ఇట్టే మొదలుపెడతాడు గానీ, ఏదీ ఒక్కసారిగా ఆపలేడు. తీసెయ్యాల్సింది ఏదైనా సరే, కొంచెం కొంచెంగానే తీస్తాడు. కాఫీలో పంచదార మానమని డాక్టరు చెబితే చెంచాడు కాస్తా అరచెంచా అయింది, అరచెంచా చిటికెడైంది, ఆఖరికి పలుకుల్లోకి దిగింది. ఆ పలుకులు ఏరి వేసేదాన్ని నేను. అతనికి షుగరు తగ్గింది, నాకు చూపు తగ్గింది.

ఫ్యానూ అంతే. ఐదు మీంచి నాలుగు, నాలుగు మీంచి మూడు, అలా దించుకుంటూ వచ్చి అప్పుడు స్విచ్చి కట్టేస్తాడు. ఓ రోజు కరెంటు పోయింది.

"సూసావా ఒదినా, ఈ కరెంటోళ్ళకి జాలి లేదు. ఐదు మీద తిరుగుతున్నదాన్ని ఒక్కపాలే ఆపేస్తారేటి? అదేటైపోవాల?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మొక్కు తీర్చడానికి గుండు చేయించుకోబోయి, "ముందు కొంచెం కురస సెయ్యి, తరవాత ఇంకొంచెం" అని కూర్చున్నాడు. కత్తి పట్టుకున్నాయన విసిగిపోయి, "బాబూ, ఇది మొక్కా, కటింగా?" అన్నాడు.

చెడ్డ కబురైనా అంతే. నరసన్నపేట నుంచి మా ఆడపడుచు గున్నమ్మ వదిన వచ్చినప్పుడు ఆవిడ పట్టుచీర ఇస్త్రీ చేస్తానని తీసుకెళ్ళాడు. కాసేపటికి వచ్చి, "అప్పా, నీ సీర శానా బాగున్నాది. అంచు మరీ బాగున్నాది" అన్నాడు.

"అయితే?"

"ఆ అంచు అలాగే ఉన్నాది."

ఇక సెలవు తీసుకోవడం చెప్పక్కర్లేదు. పీట మీద ఒకసారి, వీధరుగు మీద ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, మలుపులో చెయ్యి ఊపుతూ మరోసారి. అతను "ఎల్లొస్తానొదినా" అని మొదలుపెడితే నేను పప్పు నానబెట్టుకునేదాన్ని. అతను మలుపు తిరిగేసరికి రుబ్బుకోవచ్చు.

విజయనగరంలో ఓ కాలేజీ ల్యాబులో అతనికి పని, ఉండడమూ అక్కడే. ఒకసారి నేనూ మా ఆయనా చూడ్డానికి వెళ్ళాం. అక్కడ చూస్తే ఏమీ లేదు, చిన్న గొట్టంలో మజ్జిగతేటలాంటి నీళ్ళు.

"ఇందులో జీవకణాల్లాంటి బుడగలున్నాయన్నియ్యా. కొవ్వుతో సేసినాను. కంటికి కనబడవు. కానీ బుడగంటే ఉత్త గోడే. లోపలికీ బయటికీ ఏటైనా ఎల్లాలంటే తలుపుండాల కదా? ఆ తలుపే ప్రోటీను. నిజం కణం గోడలోంచి ఊడదీసి తెచ్చి, ఈ గోడలో పెడతాను."

"ఊడదీసిన తలుపు సంకలో ఎట్టుకొస్తావేటి?" అన్నారు మా ఆయన.

"అదే బాద. గోడ లేకపోతే అది ముద్దయిపోతాది. అందుకని సబ్బులాంటిది సుట్టూ అట్టుకుని ఉంటాది. బుడగ దగ్గరికి సేరాక ఆ సబ్బుని మెల్లమెల్లగా తియ్యాల. అప్పుడు తలుపు దానంతటది గోడలో సర్దుకుంటాది."

సగ్గుబియ్యంలాంటి తెల్లని పూసలు ఆ సబ్బుని పీల్చుకుంటాయట. చిటికెడు వేశాడు. చల్లటి పెట్టెలో పెట్టి తిప్పాడు. చాలాసేపటికి మళ్ళీ చిటికెడు.

"గుప్పెడు ఏసీరా. గజపతినగరం బస్సెల్లిపోతాది."

"ఒక్కపాలే తీసేస్తే తలుపుకి గోడ దొరకదన్నియ్యా. ముద్దే."

బయటికొచ్చాక మా ఆయన, "ఈడి రోగం ఎక్కణ్ణించొచ్చిందో ఇప్పుడు తెలిసింది" అని బస్సెక్కేదాకా నవ్వారు.

పోయినేడు వరికోతలప్పుడు ఆయన పొలంలోనే ఒరిగిపోయారు. దాని గురించి రాసే ఓపిక నాకు లేదు.

కార్యాలు కాగానే వచ్చినవాళ్ళంతా ఒకే ఆటోలో వెళ్ళిపోయారు. గున్నమ్మ వదిన వెళ్తూ, "ఒసే పద్మా, ఒక్కదానివీ ఏటి సేస్తావే? ఉగాది ముందు కొత్తమాస దాకా సూస్తాను. ఇలాగే ఉంటే నా ఇంటికి అట్టుకుపోతాను" అంది. నాకు ఈ ఇల్లు వదలాలని లేదు. ఉండగలనన్న ధైర్యమూ లేదు. పొయ్యి వెలిగించడానికే చెయ్యి లేచేది కాదు.

మర్నాటి నుంచి గోపి ప్రతి సాయంత్రం దిగబడ్డాడు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, "ఒదినా, టీ. ఒదినా, నాలుగు పకోడీలెయ్యి." విసుగొచ్చేది. అయినా అతని కోసం పొయ్యి వెలిగించక తప్పేది కాదు.

కొన్నాళ్ళకి పీట హాల్లోకి జరిగింది. ఇంకొన్నాళ్ళకి అరుగు మీదికి. రోజూ వచ్చేవాడు రోజు విడిచి రోజు, తర్వాత ఆదివారాలు. "టీ ఒద్దులే" అని గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోవడం మొదలైంది. ఓసారి రాయగడ బస్సులో వెళ్తూ కిటికీలోంచి చెయ్యి ఊపి ఊరుకున్నాడు.

"మీ మరిది మరి రావట్లేదేటమ్మా? కోపవొచ్చిందా?" అంది పక్కింటి మరిడమ్మ.

అలిసిపోయుంటాడు అనుకున్నాను. నేనూ అలిసిపోయాను కదా.

కొత్తమాసకి గున్నమ్మ వదిన అన్నంత పనీ చేసింది, నా బట్టలు సర్దడానికి ఖాళీ సంచీతో సహా వచ్చింది. గేటుకి తాళం. నేను సంత నుంచి కూరల సంచీతో వచ్చేసరికి ఆవిడ ముక్కు మీద వేలేసుకుని చూసింది. అన్నం వండిపెట్టాను. తింటూనే గోపికి ఫోను చేసింది, స్పీకరు పెట్టి.

"ఒరే, ఒదిన్ని ఒగ్గీసి రావడం మానేసినావట. సిగ్గు లేదేట్రా?"

"మాన్లేదప్పా, తగ్గించాను."

"తగ్గించడానికిదేటి, పంచదారా?"

"ఆ రోజు అందరూ ఒకే ఆటోలో ఎల్లిపోయారు కదా. నేనూ ఒక్కపాలే ఎల్లిపోతే ఒదిన ముద్దయిపోదేటి? సబ్బుని మెల్లగా తియ్యాలప్పా."

గున్నమ్మ వదిన నా వైపు తిరిగింది. "ఏటంటన్నాడే ఈడు? సబ్బేటి?"

"విజయనగరం నుంచి సబ్బులు తెస్తాడేమో వదినా" అన్నాను. అని, నవ్వాను. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. వదిన కూడా బెదిరింది.

ఆవిడ ఖాళీ సంచీలో మునక్కాడలు నింపుకుని నరసన్నపేట వెళ్ళిపోయింది.

పై ఆదివారం గోపి వచ్చాడు. టీ తాగి, "ఎల్లొస్తానొదినా" అని ఒక్కసారే చెప్పి, చెప్పులేసుకుని గేటు దాటేశాడు. నేను పప్పు డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఏటిది, అప్పుడేనా?" అన్నాను గేటు దాకా పరిగెత్తి.

"సబ్బు అయిపోయిందొదినా. నువ్వు గోడలో సర్దుకున్నావు" అన్నాడు రోడ్డు మీంచి.

అని, మలుపు దగ్గర ఆగి చెయ్యి ఊపాడు. మలుపు తిరిగాక మళ్ళీ వెనక్కి తొంగిచూసి ఇంకోసారి ఊపాడు. అతని అలవాటు మాత్రం ఒక్కసారిగా ఎలా పోతుంది?