కోనసీమకి హైదరాబాదు కొబ్బరికాయ

2022 ఏప్రిల్. ముక్తేశ్వరంలో మా నర్సరీ. మొక్కలు పెంచి అమ్మడం ఇరవై ఏళ్ళుగా నా పని. పెరిగిన చెట్లని వేళ్ళతో సహా లేపి ఇంకో ఊళ్ళో నాటడంలో నాకు కాస్త పేరుంది. దాన్ని ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటాం. వేళ్ళ చుట్టూ మట్టి చెదరకుండా గోనెపట్టాతో బిగించి కట్టిన ముద్ద రూట్‌బాల్. అది విడిపోకుండా ఊరు చేరితే చెట్టు సగం బతికినట్టే, మిగతా సగం నీళ్ళు. నీళ్ళ గురించి కోనసీమ వాడికి ఒకరు చెప్పక్కర్లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఆ నెలలోనే విజయలక్ష్మి టీచర్‌గారు మా నర్సరీకి వచ్చారు. సొంతూరు అప్పనపల్లి, ఉద్యోగమంతా హైదరాబాదులో. రిటైరయ్యాక కూడా అక్కడే ఒక కాలనీలో ఉంటున్నారు. కాలనీ మధ్యలో అందరికీ చెందిన ఖాళీ స్థలం ఒకటుంది. దాన్ని కార్ల పార్కింగ్ చేద్దామని సగం మంది, పార్కు కావాలని ఈవిడ. పోట్లాడి పోట్లాడి దసరా దాకా గడువు తెచ్చుకున్నారు. అప్పటికి పార్కు కుదురుకోకపోతే సిమెంటు పోసేస్తారు.

"అక్కడ తలెత్తితే ఏసీ డబ్బాలే కనబడతాయండీ. సాయంత్రం ఓ గంట చెట్టు కింద కూర్చుని, మళ్ళీ మనుషుల్లా ఇంటికెళ్ళే చోటు ఒక్కటి కావాలండి. నా ఒక్కదానికే కాదు, అందరికీను" అన్నారు.

"ఆయ్. ఏడు కొబ్బరిచెట్లు పెడదామండి. దసరాకి మీ కాలనీ అప్పనపల్లి అయిపోద్ది" అన్నాను. నోరు నాది, కోతలు కూడా నావే.

లారీలో చెట్లతో నేనే వెళ్ళాను. గోతులు తవ్వే పొక్లెయిన్ రాయి తగిలి కీచుమంటుంటే, ఇంకొంచెం లోతు తియ్యమని గదమాయించాను. చెట్లు నిలబెట్టి, చుట్టూ మట్టి నింపి, గొయ్యి నిండా నీళ్ళు పెట్టించి, రోజూ ఇలాగే పొయ్యండని చెప్పి వచ్చేశాను.

మే నెలలో ఆవిడ ఫోను. "ఆకులు పసుపెక్కుతున్నాయండీ."

"ఎండలు కదండీ. ఇంకో నాలుగు బిందెలు ఎక్కువ పోయించండి."

పోయించారు. ఆవిడ చేసిన ఏర్పాటు తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒక్కో చెట్టుని కొన్నిళ్ళకి అప్పజెప్పారు. సాయంత్రమయ్యేసరికి బియ్యం కడిగిన నీళ్ళూ, కూరలు కడిగిన నీళ్ళూ బకెట్లతో జనం దిగేవారు. పార్కింగ్ కావాలని గట్టిగా అరిచిన కాలనీ ప్రెసిడెంటుగారు కూడా, భార్య ఆజ్ఞ మీద, ఒక బకెట్‌తో వచ్చేవారు.

జులైలో నేనే వెళ్ళి చూశాను. చెట్టు నడినెత్తిన ఉండే లేత ఆకుని మొవ్వు అంటాం. కొబ్బరికి ప్రాణం అక్కడే. నిచ్చెన వేసుకుని పట్టుకుంటే నాలుగు చెట్లకి మొవ్వు చేతిలోకి ఊడి వచ్చేసింది. కుళ్ళు వాసన. చేతకానివాడు ముందు ఎదుటివాళ్ళ మీద పడతాడు కదా, నేనూ అదే చేశాను.

"ఎవరండీ సబ్బునీళ్ళు పోసేరు?"

టీచర్‌గారి మొహం పాలిపోయింది. "నేనే దగ్గరుండి పోయించేనండి. సబ్బు చుక్క పడనివ్వలేదు. అయితే నేనే చంపుకున్నానా వీటిని?"

ఆ మాటకి నాకే సిగ్గేసింది. గునపం తీసుకుని ఒక చెట్టు పక్కన తవ్వాను. రెండడుగుల లోతులో నల్లటి నీళ్ళు ఊరాయి. అప్పుడర్థమైంది. అడుగంతా బండరాయి. పోసిన నీళ్ళు పోయే దారి లేదు. నేను తవ్వించినవి గోతులు కావు, రాతి తొట్లు. చెట్లు నెలల తరబడి మురిగిన నీళ్ళలో నిలబడ్డాయి.

మా పనిలో పెర్కొలేషన్ టెస్ట్ అని ఒకటుంది. గోతిలో నీళ్ళు నింపి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడటం, అంతే. మా ఊళ్ళో ఎవడూ చెయ్యడు. ఇక్కడ నీళ్ళు పోస్తే ఇసకనేల చప్పరించేస్తుంది. భూమంటే ఎక్కడైనా ఇలాగే ఉంటుందనుకున్నాను. ఆ అలవాటే నాలుగు చెట్ల ఉసురు తీసింది.

"తప్పు మీది కాదండి, నాది" అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని, "మిగతా మూడిటి సంగతి చూడండి ముందు" అన్నారు.

మూడిటినీ మళ్ళీ లేపాం. నేల మీదే నీళ్ళు నిలవని మొర్రం కంకర, మట్టి పోసి నడుమెత్తు గట్టు కట్టి, దాని మీద నాటాం. నిలిచిన నీళ్ళు పోయేలా పల్లపు మూలకి కాలవ తీసి, అక్కడ మెట్టతామర వేశాం. నెల తిరక్కుండానే ఎక్కణ్ణుంచి వచ్చాయో కప్పలు కూడా చేరాయి.

దసరా ముందు ఆదివారం ఆ స్థలంలోనే మీటింగు. నన్నూ రమ్మన్నారు. ఏడు చెట్లన్నవాణ్ణి మూడు చూపించాలి. లేచి నిలబడి జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఎవరో వెనకనుంచి, "మూడు చెట్లకి నీడేం వస్తుందండీ? పార్కింగే నయం" అన్నారు. టీచర్‌గారు తల దించుకున్నారు.

అప్పుడు ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. "పార్కింగ్ అన్నవాణ్ణి నేనే. వేసవంతా మా ఆవిడ పోరు పడలేక బకెట్ మోశాను. ఇప్పుడు నీళ్ళు పొయ్యొద్దంటున్నారు. అయినా సాయంత్రం ఐదయ్యేసరికి కాళ్ళు ఇటే వస్తున్నాయి. పదేళ్ళుగా పేరు తెలియని పక్కింటాయనతో ఈ గట్టు మీదే మాట కలిసింది. కారు ఎక్కడైనా పెట్టుకుంటాను. ఈ గట్టు తీస్తే నేనెక్కడికి పోను?"

పార్కు ఉండాలన్నవాళ్ళని చెయ్యెత్తమన్నారు. ఒక్కొక్కటే చేతులు లేచాయి. నేను లెక్కపెట్టలేదు, టీచర్‌గారి మొహం చూస్తే చాలనిపించింది.

ఏ నీళ్ళు చెట్లని చంపాయో, ఆ నీళ్ళు మోసిన అలవాటే ఆ పార్కుని నిలబెట్టింది. అందులో నా గొప్పేం లేదు. నేను నేర్చుకున్నది చిన్న విషయమే. చెట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలిస్తే చాలదు, ఎక్కడికి వెళ్తోందో ఆ నేలని అడగాలి. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు గొయ్యి తీసి నీళ్ళు పోసి, మర్నాడు ఫొటో పంపమంటాను. అది చూడందే చెట్టు లారీ ఎక్కదు.

పోయిన నెల టీచర్‌గారు అప్పనపల్లి గుడికి వచ్చి, దారిలో మా నర్సరీ దగ్గర ఆగారు. సంచీలోంచి పీచు తియ్యని ముదురు కొబ్బరికాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"మన పార్కుదండి. మొదటి గెలలోది."

"కోనసీమకి కొబ్బరికాయ తెచ్చేరేంటండీ!" అని నవ్వి, కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను.

దాన్ని నర్సరీలో నీడపట్టున నాటాను. ఇంకా మొలక రాలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి చూస్తున్నాను. నీళ్ళు మాత్రం, మట్టి తడి వేలితో చూశాకే పోస్తున్నాను.