చిమ్నీ అక్కది, కిటికీ చెల్లెలిది

వీధిలో అందరికీ ఆమె జిగురత్త. చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టడం ఆమె పని. లైబ్రరీ వాళ్ళు బస్తాల్లో తెచ్చి పడేసిన వాటిని విప్పి, కుట్టి, అతికించి, మళ్ళీ మనుషుల్లోకి పంపిస్తుంది. ఎప్పుడూ వేళ్ళకి జిగురు ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె చెబుతుంది. పట్టుకుంటే వదలదు కాబట్టి వచ్చిందని ఆమె భర్త చెబుతాడు. ఇద్దరి మాటా నిజమే.

మొన్నమొన్నటి దాకా బజారులో చిన్న కొట్టు ఉండేది. మోకాళ్ళు మొరాయించడంతో సరంజామా అంతా ఇంటి వెనక గదిలోకి చేర్చుకుంది. ఆ గదికి ఒకవైపు గోడంత కిటికీ. అక్కడ కూర్చుంటే మబ్బు పట్టిన రోజున కూడా సూదిలో దారం ఇట్టే ఎక్కుతుంది. చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. చలికాలం వచ్చేసరికి జిగురు కుంచె మీదే బిగుసుకుపోయి, కాగితం మీదికి ఉండలు ఉండలుగా దిగేది. అతికించిన అట్ట మర్నాటికి ఊడి చేతిలోకొచ్చేది. ఈ చలికాలానికి పని ఆపెయ్యరాదా అన్నాడు భర్త, మంచికే. ఒకసారి ఆపితే ఇంక మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. పొయ్యి పెట్టాలి, లేదా కుంచె కింద పెట్టాలి.

పొయ్యి పెడదామంటే గదికి చిమ్నీ లేదు. అది లేకపోవడం ఆమె చేతులారా చేసుకున్నదే. ఆమె భర్తా, ఆయన అన్నా ఇల్లు పంచుకున్నప్పుడు చిమ్నీ ఒక సగంలోకి, పెద్ద కిటికీ ఇంకో సగంలోకి వచ్చాయి. "నాకు వెలుగు చాలు, చిమ్నీ మీరే ఉంచుకోండి" అని నలుగురి ముందూ ఠపీమని అనేసింది జిగురత్త. పెద్ద తోడికోడలు సరేనంది. అప్పట్నుంచీ గోడకి అటు అక్క, ఇటు చెల్లెలు. పోట్లాటంటూ ఏమీ లేదు. ఎదురుపడితే ఒంట్లో బాగుందా అంటే బాగుంది అనుకుంటారు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ పొయ్యిల మేస్త్రీ కొట్టుకు వెళ్ళారు. ఆమె భర్త జీవితమంతా బస్సు నడిపినవాడు. బస్సు ఇంజనంత నల్లటి ఇనప పొయ్యి ముందు నిలబడిపోయి, దాని తలుపు తీస్తూ వేస్తూ మురిసిపోయాడు. మేస్త్రీ గది కొలతలు అడిగి తల అడ్డంగా ఊపాడు.

"ఇంత పొయ్యిని అంత గదిలో పెడితే గాలి తగ్గించి, దాని గొంతు నొక్కి మండించాలమ్మా. గొంతు నొక్కితే మసి గొట్టంలోనే పేరుకుంటుంది. ఏదో ఒకరోజు ఆ మసే అంటుకుంటుంది. మీ గదినిండా కాగితాలంటున్నారు."

కాగితాలన్న మాట వినగానే భర్త చెయ్యి వెనక్కి వచ్చేసింది. నిప్పురవ్వ బయట పడకుండా అద్దం తలుపున్న చిన్న పొయ్యి ఒకటి కుదిరింది. పైన జిగురు గిన్నె నిలబడేంత చదును ఉండాలని జిగురత్త పట్టుబట్టింది. తన గిన్నె వెంట తెచ్చుకుని మరీ పెట్టి చూసుకుంది. బయటికి వస్తూ ఆయన పెద్ద పొయ్యి వైపు, డిపోలో వదిలేసిన బండిని చూసినట్టు చూశాడు.

ఇక గొట్టం. మేస్త్రీ ఇంటికొచ్చి చుట్టూ చూసి, సులువైన దారి చెప్పాడు: కిటికీలో ఒక సగం అద్దాలు తీసేసి రేకు కొట్టి, రేకులోంచి గొట్టం బయటికి పంపడం. వెచ్చదనం వస్తుంది, వెలుగు సగం పోతుంది. ఆలోచించుకుని చెబుతానంది. నిజానికి ఆలోచించడానికి మిగిలింది ఒకటే. గోడకి అవతల అక్క చిమ్నీ సగం ఖాళీగానే ఉంది. అక్క పొయ్యికి సరిపోగా ఇంకా బోలెడు చోటు. గోడకి కన్నం పెడితే చాలు. అడగడానికే నోరు రావాలి.

నాలుగు మాటలు కూడబలుక్కుని వెళ్ళి కూర్చుంది. కూడబలుక్కున్నవన్నీ గుమ్మంలోనే మర్చిపోయి, ఉన్న సంగతి చెప్పేసింది. అక్క ఆసాంతం విని, అప్పుడు అంది:

"వెలుగు చాలన్నావుగా."

"నాకు చాలింది అక్కా. జిగురుకే చాల్లేదు."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. వాడుకోమంది, చిమ్నీ ఏమన్నా అరిగిపోతుందా అంది. జిగురత్త గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది.

మర్నాడు మేస్త్రీ ఆ ఆనందం మీద చల్లగా నీళ్ళు పోశాడు. ఒక చిమ్నీకి రెండు పొయ్యిలు కుదరవట. ఇటు మండించనప్పుడు అటు పొగ ఇటు దిగుతుంది, అటు మండించనప్పుడు ఇటుది అటు దిగుతుంది; నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయే ప్రమాదం. సంగతేమిటో చూద్దామని వచ్చి నిలబడ్డ అక్కకి ఇది తన చిమ్నీకి వంకపెట్టినట్టే వినిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ దగ్గని చిమ్నీ అంటూ మేస్త్రీని కాస్త కడిగింది.

జిగురత్త నిట్టూర్చింది. "సరే మేస్త్రీ. కిటికీకే కొట్టెయ్యి రేకు."

"రేకు కొడితే నేనూరుకోను," అంది అక్క.

అందరూ ఆమె వైపు తిరిగారు. జిగురత్తకి ఒళ్ళు మండింది. తన కిటికీకి ఈమె అడ్డమేమిటి?

అక్క కిటికీనే చూస్తూ అంది: "ఆ రోజు నేనూ అదే అడగాలనుకున్నాను. నాకూ కుట్టుపని ఉండేది అప్పట్లో. నోరు తెరిచేలోగా నువ్వు అనేశావు. పోనీలే, ఎప్పటికైనా దాని పనికి కావాలి కదా అని వదులుకున్నా. నేను వదులుకున్న కిటికీ అది. దాన్ని రేకుతో మూస్తావా?"

జిగురత్త వెళ్ళి కిటికీ అద్దం మీద పడ్డ జిగురు మరకని గోటితో గీకసాగింది. ఆమె భర్త గోడమీద లేని బల్లిని చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రీయే గొంతు సవరించుకున్నాడు. ఇంకో దారి ఉందట. పెద్ద పని, పైకి ఎక్కాలి కాబట్టి ముందు చెప్పలేదట. కిటికీ పక్కన గోడకి కన్నం పెట్టి, చెక్కకి తగలకుండా దూరంగా ఇనప తొడుగు వేసి, గొట్టం బయటికి తీసి నిలువునా పైకి పంపాలి. బయటి చలికి పొగ చల్లబడితే పైకి లేవదు కాబట్టి రెండు పొరల గొట్టం కావాలి. ఇంటి కప్పు కొన దాటి పైకి పోవాలి, లేకపోతే గాలి పొగని వెనక్కి నెడుతుంది.

"అంత ఎత్తు గొట్టం ఒంటరిగా గాలికి నిలబడదమ్మా. ఇటువైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇనప పట్టీ వేసి అటువైపు చిమ్నీకే కట్టాలి."

"నా చిమ్నీకేనా? ఇందాక పనికిరాదన్నావు దాన్ని," అంది అక్క.

"పొగకి పనికిరాదన్నానమ్మా. ఆసరాకి కాదు."

"అయితే కట్టు. గట్టిగా కట్టు."

గొట్టం లేచింది. పొయ్యి వెలిగించిన పొద్దున జిగురత్త భర్త పక్కనే ఇసక బకెట్టుతో కాపలా నిలబడ్డాడు. చల్లటి గొట్టంలోకి పోవాలో వద్దో తేల్చుకోలేక పొగ కాసేపు తచ్చాడింది. మేస్త్రీ కాగితం చుట్టి గొట్టం మొదట్లో వెలిగించగానే ఉఫ్‌మని అందుకుంది. పెరట్లోంచి అక్క కేక వినిపించింది, నిటారుగా పోతోందని, తన చిమ్నీ పొగ కంటే కాస్త పల్చగానే ఉందని.

మధ్యాహ్నానికి గిన్నెలో జిగురు తేనెలా జారుతోంది. జిగురత్త ఒక అట్టకి వెన్ను అతికిస్తుండగా అక్క చేతిలో పాత కుట్టుపనితో వచ్చి, అడక్కుండానే కిటికీ దగ్గర కూర్చుంది. సూది, దారం వెలుగుకి ఎత్తి పట్టుకుంది.

"వెలుగు చాలుతోందా అక్కా?" అంది జిగురత్త.

"నువ్వు కాస్త పక్కకి జరిగితే చాలుతుంది."

జిగురత్త కుర్చీ పక్కకి జరుపుకుంది.