సముద్రంలో మునిగే పొద్దు కోసం

మా అక్కకు డెబ్బై ఆరేళ్లు, నాకు డెబ్బై మూడు. కళ్లలో ఒత్తిడి పెరిగి ఆమె చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఇద్దరం శామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చున్నాం. ఎదురుగా పొద్దు నీళ్లలోకి దిగుతోంది.

"సముద్రంల మునుగుతుంటే ఇంకెంత మంచిగుంటదో," అంది అక్క. "ఒక్కపారి సూడాలె. జల్దీ సూడాలె."

ఏర్పాట్లన్నీ నావే. నేను ఏ పనైనా కాగితం మీద పెట్టుకుని చేస్తాను. బాపట్ల దాకా రైలు, అక్కడి నుంచి సూర్యలంక సముద్రతీరానికి ఆటో, రాత్రి ఎనిమిదింటికి తిరుగు రైలు. మబ్బులుండవని మాఘమాసం చూసుకున్నాను. క్యాలెండరులో సూర్యాస్తమయం ఆరూ పదికి అని ఉంటే అదీ రాసుకున్నాను.

అయిదున్నరకల్లా ఇసుకలో దుప్పటి పరిచి, అక్కను నీళ్లవైపు తిప్పి కూర్చోబెట్టాను. ఆమె కళ్లద్దాలు కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది. పావుగంట గడిచింది. సముద్రం మీద ఆకాశం ఊదారంగుకు తిరుగుతోంది గాని సూర్యుడి జాడ లేదు.

"ఏడున్నడే?" అంది అక్క. నేను జవాబు చెప్పకముందే గొంతు తగ్గించి, "నాకే కనవడతలేడా?" అని అడిగింది.

పక్కన పల్లీలు అమ్ముతున్న ఆమె మమ్మల్ని చూసి నవ్వింది. "ఎండంతా మీ వీపు మీదుంటే ఇటు చూస్తారేంటమ్మా? పొద్దుగుంకేది మీ ఎనకాల, ఆ సరుగుడు తోటల్లో. సముద్రంలోంచి పొద్దున్నే పైకొస్తాడు."

తిరిగి చూశాను. చెట్ల సందుల్లో ఎర్రగా ఉన్నాడు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత ఈ తీరం పటం గీయించినదాన్ని నేను. ఏ పిల్లవాడైనా సముద్రాన్ని పడమట గీస్తే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. రోజూ చెరువు కట్ట మీంచి నీళ్లలోనే పొద్దు మునగడం చూసీ చూసీ, ఇక్కడా అంతే అనుకున్నాను.

"అక్కా, నీ కండ్లు కాదు. తప్పు నాది."

ఆమె ముందు ఊపిరి వదిలింది, తర్వాత నవ్వింది. "నిమిషాలతోని సహా రాసుకుంటవ్. తూర్పు ఎటో రాసుకోలేదా పంతులమ్మా?"

నవ్వయ్యాక లేవడానికి నా భుజం పట్టుకుంది. "పా, రైలుకు టైమైతాంది. గిదన్న సూసిన గదా."

చూసింది ఇసుకా, నీళ్లూ. మళ్లీ తీసుకొస్తానని అనబోయాను. ఎన్ని రోజుల చూపు మిగిలిందో తెలియని మనిషికి ఆ మాట ఎలా చెప్పను?

"రైలు పోనీ," అన్నాను. టికెట్టున్న రైలును నేను వదిలేయడం అదే మొదటిసారి. బాపట్లలో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం.

తెల్లవారి ఆరింటికి మళ్లీ అదే ఇసుకలో ఉన్నాం. నేనింకా వెతుకుతుండగానే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఒచ్చిండు! సుట్టూ నల్లగనే ఉన్నదే. నడుమ ఉన్న సందుల సరిగ్గ పట్టిండు."

కాసేపటికి వెలుగు ముదిరింది. "ఇగ సాలక్కా, కండ్లు తిప్పుకో," అన్నాను.

"ఆగవే," అంది అక్క. "పొద్దు ఇంక నీళ్లను ఇడువలేదు."