గాజుల తెర, టూ-టూ తుపాకీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నెలల తరబడి నడిచిన పెద్ద చర్చ స్వరాజ్యం గురించి కాదు, తుపాకీ గొట్టం లావు గురించి. పేట పేటంతా తెల్లదొరలు ఎప్పుడు పోతారా అని మాట్లాడుకుంటుంటే, మా చిన్నాయన అన్నం ముందు కూర్చుని కూడా "టూ-టూనా, థర్టీ-టూనా" అని జపం చేసేవాడు. గాజులమ్ముకునే ఇంట్లో తుపాకీ మాటేమిటని మీకు అనిపించవచ్చు. మా నాయనమ్మకు రోజూ అనిపించేది. అనిపించినదాన్ని ఆవిడ మనసులో ఉంచుకునే మనిషి కూడా కాదు.

మా తాతయ్యకు బళేపేటలో గాజుల అంగడి ఉండేది. దానితోబాటు మహదేవపురలో కొంచెం చేను. ఈనాటి మహదేవపుర కాదు. అప్పట్లో అది రాగిచేల మధ్య ఒక పల్లె. మా చేనులో శెనక్కాయ వేసేవాళ్ళు. దాన్ని గుత్తకు చేసే రైతు, ఆయన భార్య, వాళ్ళ పసిబిడ్డ చేను చివర గుడిసెలో ఉండేవాళ్ళు. ఆవిడను నేను తోటక్క అనేదాన్ని. గుడిసె ముందు కానుగ చెట్టు కొమ్మకు పాత చీరతో ఊయల కట్టి, పాపను అందులో వేసి ఆవిడ కలుపు తీయడానికి పోయేది. ఆదివారాలు తాతయ్యతో బండిలో పోయినప్పుడల్లా ఆ ఊయల ఊపడం నా ఉద్యోగం. జీతం పాప నవ్వు. అది కూడా పాపకు మనసైతేనే.

వరసగా రెండు పంటలు మనుషుల నోటికి అందలేదు. మొలకలు కుందేళ్ళు కొరికేవి, కాయలు పందికొక్కులు తవ్వుకుపోయేవి. మా భాషలో కుందేలును చెవులపిల్లి అంటాం. పేరు ముద్దుగానే ఉంటుంది, పని మాత్రం కాదు. ఒక ఆదివారం తోటక్క పెనిమిటి తలగుడ్డ చేతిలోకి తీసుకుని తాతయ్యతో అన్నాడు.

"ఈ తూరి కూడా చెవులపిల్లులే తినిపోతే మా వల్ల కాదప్పా. బట్టల మిల్లులో కూలికి పిలస్తా ఉండారు. పాపను తీసుకుని పోతాము."

మిల్లంటే ఏమిటో నాకు తెలియదు. పాప వెళ్ళిపోతుందని మాత్రం తెలిసింది. ఆ రాత్రి దేవుడి ముందు నిలబడి చెవులపిల్లులన్నిటికీ అజీర్తి చేయమని వేడుకున్నాను. దేవుడు వాటి పక్షమే తీసుకున్నాడు.

తాతయ్య సర్కారు కచేరీ చుట్టూ తిరిగి పంట కాపుదలకని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఒక్క తుపాకీకే అనుమతి. అందుకే అంత చర్చ. మా చిన్నాయన యుద్ధం రోజుల్లో దండులో, అంటే తెల్ల సైన్యం ఉండే పేటలో, మిలిటరీ సామాన్ల గోదాములో పని చేశాడు. అక్కడ ఆయన మోసినవి సబ్బుల పెట్టెలని నాయనమ్మ అనేది. అయినా తుపాకుల విషయంలో ఇంట్లో ఆయనే పండితుడు. ఆయనకు కావలసింది లావు గొట్టం. "కొడితే నాలుగు ఊర్లకు వినపడల్ల" అనేవాడు.

చేనుకు అవతల, వైట్‌ఫీల్డు దోవలో, రైలింజను నడిపి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఉండేవాడు. అందరూ డ్రైవరు దొర అనేవాళ్ళు. గుంతకల్లులో చాలాకాలం ఉండటంవల్ల తెలుగు బాగా వచ్చు. ఆయన దగ్గర రెండు రకాల తుపాకులూ ఉన్నాయని తెలిసి, తాతయ్య చిన్నాయననూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు.

దొర వసారాలో తూటాలు బల్లమీద పరిచి చూపించాడు. రెండూ రిమ్‌ఫైరే. అంటే తూటా అడుగున అంచులోనే మందు ఉంటుంది, తుపాకీలో గుర్రం అనే చిన్న సుత్తి వచ్చి ఆ అంచును కొడితే పేలుతుంది. టూ-టూ తూటా మా నాయనమ్మ పోకచెక్కల పెట్టెలో పారేస్తే మళ్ళీ దొరకదు, అంత సన్నం. థర్టీ-టూ దాని పక్కన పెద్దన్నలా ఉంది.

"చెవులపిల్లికి, పందికొక్కుకు టూ-టూ చాలు. థర్టీ-టూతో కొడితే కూరకు తోలే మిగుల్తాది. దాని తూటాలు కూడా అంగట్లో దొరికేది కష్టం" అన్నాడు దొర.

"నక్క వస్తే? ఈ టూ-టూతో దానికి చక్కిలిగింతలు పెట్టల్లా?" అన్నాడు చిన్నాయన.

తాతయ్య నవ్వాడు. "మా అంగట్లో టూ-టూ అంటే ఆడపిల్లోళ్ళ చేతి సైజు దొరా. అందుకే వీనికి సిగ్గు."

ఆ మాటకు చిన్నాయన మొహం కుంకుమరంగు గాజులా అయింది. కానీ తాతయ్య ఏ తూటానూ ఎంచలేదు. అంగట్లో ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరైనా వచ్చి ఫలానా సైజు ఇవ్వండి అంటే ఇచ్చేవాడు కాదు. చేయి ముందుకు పెట్టమనేవాడు. బొటనవేలు లోపలికి మడిచి, మెటికలు మెత్తగా నొక్కి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అప్పుడు పెట్టెవైపు తిరిగేవాడు. చేయి పట్టకుండా గాజు తీసిన పాపాన పోలేదు. ఆ రోజు కూడా తూటాల వైపు చూస్తూ, ఏదో చేయి కోసం వెతుకుతున్నట్టు వేళ్ళు కదిలించాడు.

"ఇది దేనికి తగిల్తాదో చెప్తివి దొరా. తగిలినాక యాడికి పోతాది?"

దొర తాతయ్యను లోపలికి పిలిచాడు. అక్కడ ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. వచ్చే ఆదివారం రెండు తుపాకులూ చేనికాడికే తెస్తాననీ, కొట్టి చూసుకుందామనీ నిర్ణయమైంది.

శనివారం సాయంత్రం తాతయ్య నన్ను అంగట్లో కూర్చోబెట్టి ఒక గంప ముందు పెట్టాడు. నిండా వన్నె తగ్గిన గాజులు, మెరుగు పోయిన గాజులు. వాటిని పురికొసలకు గుచ్చమన్నాడు. గాజుల అంగడి పిల్లనై ఉండీ నా చేతికి గాజులు రెండు రోజులు నిలిచేవి కావు కాబట్టి, అన్ని గాజులు ఒక్కసారి నా వశం కావడం పండగలా ఉంది.

"పాప ఊయలకు తోరణమా తాతా?"

"అట్లే అనుకోమ్మా" అన్నాడు. ఆయన గొంతులో ఆట లేదని అప్పుడు నాకు తెలియలేదు.

ఆదివారం మేం చేనుకు వెళ్ళేసరికి గుడిసె ఖాళీ. నాయనమ్మ వాళ్ళను మా ఇంటికి భోజనానికి పిలిచిందనీ, పొద్దున్నే బండెక్కి వెళ్ళారనీ తాతయ్య చెప్పాడు. నా ఉద్యోగం పోయిందే అని మూతి ముడుచుకున్నాను. తాతయ్య గాజుల గంప పట్టుకుని ఒక్కడే గుడిసెవైపు వెళ్ళి వచ్చాడు. తర్వాత నన్ను అందరికీ వెనక బండిలో కూర్చోబెట్టి దిగవద్దన్నాడు.

చేనుకూ గుడిసెకూ మధ్య లంటానా కంప దట్టంగా, మనిషెత్తున పెరిగి ఉండేది. కుందేళ్ళు ఆ కంప కిందనుంచే వచ్చేవి. అందుకని దాని ముందు ఒక రాయి మీద పాత కుండ పెట్టారు. చిన్నాయన బోర్లా పడుకుని థర్టీ-టూ పేల్చాడు. కుండ పెంకులు పెంకులైంది. కాకులన్నీ లేచాయి. చిన్నాయన మొహం వెలిగిపోయింది. ఆ చప్పుడు వెనకాలే, కంప అవతల ఎక్కడో సన్నగా 'ఘల్లు' మంది. చెవులు గింగురుమంటున్న చిన్నాయనకు అది వినబడలేదు. నాకు వినబడింది. గాజు పగిలిన చప్పుడు నాకు అమ్మ గొంతంత పరిచయం.

ఇంకో కుండ పెట్టారు. ఈసారి టూ-టూ. ఎండు పుల్ల విరిచినట్టు 'టప్' మంది, అంతే. కుండ కూలలేదు, నడుమున గుండ్రంగా చిల్లు పడింది. మళ్ళీ అవతలనుంచి 'ఘల్లు'.

"చూస్తివా నాయనా! ఆ తుపాకీకి కుండ లేదు, ఈ తుపాకీకి కుండ ఉండాది. ఇంకేం చెప్పల్ల?" అన్నాడు చిన్నాయన లేచి బట్టలు దులుపుకుంటూ.

"కుండను చూస్తిమి. రాప్పా, కుండ వెనక చూసొద్దాం" అన్నాడు తాతయ్య.

బండి దిగి నేనూ వెంట నడిచాను. కంప చుట్టి అవతలికి వెళ్ళాం. కానుగ చెట్టు కొమ్మకు నేను గుచ్చిన గాజులన్నీ తెరలాగా వేలాడుతున్నాయి. తోరణం కాదు, తెర. రోజూ ఊయల వేలాడే కొమ్మ అది. ఊయల చీరను పైకి చుట్టి కట్టి ఉంది. గాజుల తెరలో రెండు చోట్ల ఖాళీలు, కింద మట్టిలో ఎర్ర ముక్కలు, పచ్చ ముక్కలు. గుండ్లు ఇంకా దూరం పోకుండా వెనకనున్న, బావి తవ్వి పోసిన మట్టిదిబ్బలో దిగబడ్డాయి.

నేను బావురుమన్నాను. "పాప ఏదీ?"

"మీ నాయనమ్మ ఒళ్ళో ఉండాదమ్మా. పప్పన్నం తింటా ఉంటాది" అని తాతయ్య నన్ను ఎత్తుకున్నాడు.

చిన్నాయన తెర వరకూ వెళ్ళి ఖాళీలో చేయి పెట్టాడు, అవతలినుంచి వేళ్ళు కనబడ్డాయి. అప్పుడు ఆయన కింద కూర్చుని గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. తోటక్క వట్టి కాళ్ళతో తిరిగే చోటని ఎవరూ గుర్తుచేయనక్కరలేకపోయింది.

"లావుదీ వచ్చె, సన్నదీ వచ్చె" అన్నాడు తాతయ్య, కోపం లేకుండా. "సైజు మాట తరవాత. ముందు చేయి చూడల్లప్పా."

"సన్నది కదా అని నమ్మొద్దు. అడ్డం లేకుంటే ఇది కూడా మైలు దాటిపోతాది" అన్నాడు దొర.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ తుపాకీని మరిచిపోయి చేనంతా నడిచారు. ఎటు తిరిగి కొడితే ఎదురుగా మట్టి ఉంటుంది, ఎటు మనుషులుంటారు అని చూశారు. చివరకు గుడిసె పక్కన, బావికి ఇవతల, నాలుగు గుంజలు పాతి మంచె వేయాలని తేల్చారు. అక్కడ కూర్చుంటే గుడిసె వీపువైపు ఉంటుంది. గుండు పైనుంచి కిందికి, దిబ్బ అడుగు మట్టిలోకే పోతుంది. కుందేళ్ళను ఆ దారికి తిప్పడానికి కంపలో పాత సందులు మూసి, దిబ్బ ముందు కొత్త సందు ఒక్కటి వదిలారు. మంచెకూ ఆ సందుకూ మధ్య దూరం చూశాక ఇక చర్చించడానికి ఏమీ మిగల్లేదు. అంత దగ్గరికి టూ-టూ చాలు. గురి తప్పదు, ఎద్దులు బెదరవు, పాప నిద్ర లేవదు. నక్కను మా కుక్కకు అప్పగించారు. ఈ ఏర్పాటును కుక్క మాత్రం ఒప్పుకోలేదు.

చిన్నాయన టూ-టూతో మొదటివారం కొట్టిన ఏకైక ప్రాణి తన సొంత కాఫీ చెంబు. పోను పోను చేయి కుదిరింది. తెచ్చిన కుందేళ్ళను నాయనమ్మ వంటింటి గడప దాటనిచ్చేది కాదు. పెరట్లో పొయ్యి పెట్టి వండేది, వాసన బాగుందని తనే మొదట ఒప్పుకునేది. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఏడు శెనక్కాయ గంపలకెత్తారు. తోటక్క కుటుంబం మిల్లుకు పోలేదు. తుపాకీ తీసిన ప్రతిసారీ చిన్నాయన ముందుగా గుడిసెవైపు ఒక కేక వేసి, తోటక్క తిరిగి కేక వేశాకే మంచె ఎక్కేవాడు. ఆ అలవాటు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు తాతయ్య కొడుకును నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, అలా చేయలేదు. ఒక గంప గాజులు ఖర్చుపెట్టి, కొడుకు పరువు దక్కించి, తోటక్క చెవిన ఈ సంగతి పడకుండా చూసుకున్నాడు. ఆయన తల మీద ఒక్క వెంట్రుక లేదు. లోకంలో నాకు భయం లేని గుండు అదొక్కటే. నాకు తుపాకీ గురి ఏనాడూ కుదరలేదు గానీ, ఆయన మీద గురి మాత్రం ఈనాటికీ తప్పలేదు. వేడి గంజి పారబోసేటప్పుడు, కోపంలో మాట తూలబోయేటప్పుడు, నా ముందు ఆ లంటానా కంప లేచి నిలబడుతుంది. కొన్నిసార్లు ఆగుతాను. ఆగనిరోజు ఎక్కడో ఘల్లుమంటుంది.

ఆ పాపకు ఇప్పుడు మనవలున్నారు. అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంది. వచ్చినప్పుడల్లా చేయి పట్టుకుని, బొటనవేలు మడిచి, మెటికలు నొక్కి చూసి, కొత్త గాజులు తొడుగుతాను.

"ప్రతి తూరీ ఎందుకక్కా ఇవి, మొన్నటివి ఇంకా ఉండాయి కదా" అంటుంది.

ఉండాయి కదా, ఒక్కటీ పగలకుండా. అందుకే.