సూది గుచ్చని గుడ్లు

మా అత్తగారింట్లో దర్వాజ చెక్కకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది. వేల్పూరు నుంచి బోధన్‌కు కొత్త కోడలిగా వచ్చిన నేను, బట్టలు కుట్టుకునే సూది అనుకుని, ఒకరోజు దాన్ని తీసి రవికె కుట్టుకోబోయాను. అత్త నా చేతిలోంచి గుంజుకుంది.

“గది గుడ్ల సూది బిడ్డా. దాన్ని ముట్టకు.”

గుడ్లకు సూది ఏమిటో నాకు అర్థం కాలేదు. పసుపు పండించే ఇంట్లో పుట్టినదాన్ని. కోడి అంటే మాకు పెంట మీద ఏరుకుని తినేది, చుట్టం వస్తే కోసేది, అంతే.

మా మామ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే దగ్గర పనిచేసేవాడు. ఆ పనితో ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు. అసీల్ అనే పందెం కోళ్ల జాతి చూసే మనిషిగానే నిజామాబాద్ దాకా పేరు. ఆదివారం చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కా విప్పకముందే, అరుగు మీద మనుషులు గంపల్లో కోళ్లతో కూర్చుని ఉండేవారు. మరాఠీ మాట్లాడేవాళ్లు కూడా వచ్చేవారు. పాస్టరుగారికి ఈ సంత నచ్చేది కాదు. “నేను పందెం కాయ, కాయమని చెప్ప. ఏది అసలుదో ఏది దోగ్లానో చెప్త, గంతే,” అనేవాడు మామ. దోగ్లా అంటే కల్తీది. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఆ కోడికి ఆ పూటతో నూకలు చెల్లినట్టే. దోగ్లా మాంసం తొందరగా ఉడుకుతుంది. అసలుది పొయ్యి మీద పెడితే కట్టెలన్నీ అయిపోవలసిందే గానీ ముక్క మెత్తబడదు. ఆ ఇంటి కోడలిగా నాకు తెలిసిన తేడా అదొక్కటే.

ఆయన చూసే తీరు మాత్రం బాగుండేది, ఒప్పుకుంటాను. ముందు కోడిని నేల మీద వదిలి ఊరికే కూర్చునేవాడు. మెడ నిక్కించి నిలబడుతుందా, బెదిరి పక్కకు జరుగుతుందా అని చూసేవాడు. తర్వాత చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకుని తడిమేవాడు. నెత్తిన తురాయి బఠాణీ గింజలు అతికించినట్టు చిన్నగా ఉండాలి. కన్ను తెల్లగా ఉండాలి. రొమ్ము దగ్గర ఈకలు పలచబడి ఎర్రటి తోలు కనబడాలి. ఇవన్నీ ఉన్నా, చేతిలో రెక్కలు కొట్టుకుంటే ఆయన పెదవి విరిచేవాడు. “అసలుది మనిషి చేతుల కొట్టుకోదు,” అనేవాడు.

మా ఇంటి కోళ్లు ఆయన తాతల నాటివి. కాళ్లు నల్లగా ఉండి, నడిమి వేలి గోరు ఒక్కటే తెల్లగా ఉండేది. అడిగినవాళ్లకు పుంజును ఇచ్చేవాడు. పెట్టను గానీ గుడ్డును గానీ గడప దాటనిచ్చేవాడు కాదు. బాలింతకనో, జబ్బుపడి లేచిన పిల్లాడికనో ఎవరైనా గుడ్లు అడిగితే అత్త కాదనేది కాదు. దర్వాజ సూది తీసి, గుడ్డు వెడల్పు కొసన చిన్నగా పొడిచి ఇచ్చేది. తినడానికి పనికొస్తుంది, పొదగేస్తే పిల్ల లేవదు. ఇచ్చినట్టే ఇచ్చి ఇవ్వకపోవడం! పిసినారితనం కంటే హీనం ఇది అని నాకు ఒళ్లు మండేది.

ఒకసారి కంఠేశ్వర్ నుంచి మందుల దుకాణం ఆయన ఒక పెట్టను తెచ్చి, “ఇది మీ జాతిదే పెద్దమనిషీ, చెయ్యి పెట్టి సూడుండ్రి,” అన్నాడు. మామ చెయ్యి కూడా చాచలేదు.

“మా ఇంటి గుడ్డు ఏ ఇంట్ల పొదగలే. ఇది దోగ్లా.”

అరుగంతా ఘొల్లున నవ్వింది. పాపం ఆ మనిషి ముఖం మాడిపోయింది. మామ పరువంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

నా రెండో కాన్పుకు మా అమ్మ వచ్చింది. ఆమె తిరిగి పోయేప్పుడు అత్త ఒక డబ్బాలో వరిపొట్టు పోసి, అందులో గుడ్లు పెట్టి ఇచ్చింది. మా అమ్మకు ఈ ఇంటి కట్టుబాట్లు ఏం తెలుసు? పొదుగు మీదున్న కోడి కింద పెట్టేసింది. పిల్లలు లేచాయని కబురు రాగానే వంటింట్లో అత్తను నిలదీశాను. ఆమె నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇయ్యపురాలికి పొడిసిన గుడ్లు ఎట్లిస్త బిడ్డా? నాకు మనసొప్పలే.”

మర్యాద కోసం చేసింది, మరేమీ లేదు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

తర్వాత ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చింది. మెడలు వంకరపోయి మా కోళ్లు ఒక్కొక్కటే కూలిపోయాయి. మామ వెల్లుల్లి నూరి పోశాడు, పశువుల డాక్టరును బతిమాలాడు. చూస్తుండగానే కొట్టం ఖాళీ అయింది. చివరి పెట్టను తన తువ్వాలులోనే చుట్టి పాతిపెట్టాడు. ఆ తర్వాత సైకిలు వేసుకుని మోస్రా దిక్కు, వర్ని దిక్కు తన జాతి పెట్ట కోసం తిరిగాడు. ఎక్కడ దొరుకుతుంది? తను ఎవరికైనా ఇచ్చి ఉంటే కదా! అన్నం ముందు కూర్చుని కలిపి, తినకుండా లేచిపోయేవాడు. కోపం వచ్చేది నాకు, అంతకంటే ఎక్కువ జాలేసేది.

వేల్పూరులో ఆ పిల్లల్లో ఒక పెట్ట మిగిలి ఉంది. అత్తా నేనూ కూడబలుక్కున్నాం. “తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. పాణం నిలుస్తది ముసలోనికి,” అంది అత్త. పని దినం చూసి, ఎవరూ లేనప్పుడు తెమ్మని మా తమ్ముడికి చెప్పి పంపాను. వాడికి సెలవు దొరకలేదు. ఆదివారమే వచ్చాడు.

నేను వంటింట్లోంచి వచ్చేసరికే వాడు అరుగు మీద గంప దించాడు. చుట్టూ జనం. కంఠేశ్వర్ ఆయన కూడా ఉన్నాడు.

“మామా, మీ కోడే. అత్త ఇచ్చిన గుడ్లల్ల లేసింది,” అన్నాడు తమ్ముడు సంబరంగా.

అందరి కళ్లూ అత్త మీదికి తిరిగాయి. ఆమె దర్వాజ పట్టుకుని నిలబడింది. మామ పెట్టను నేల మీద వదల్లేదు, సరాసరి ఒళ్లోకి తీసుకున్నాడు. అది కిక్కురుమనలేదు. ఆయన బొటనవేలు దాని కాలి మీదుగా జారి ఆ తెల్లగోరు దగ్గర ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. దొరికింది, ఇక అన్నం తింటాడు అనుకున్నాను.

“ఏందే పెద్దమనిషీ, గుడ్డు గడప దాటిందా?” అన్నాడు కంఠేశ్వర్ ఆయన.

మామ తలెత్తలేదు. “దోగ్లా,” అన్నాడు. “కోసి కూర అండుండ్రి. పిల్లగాడు దూరం నుంచి అచ్చిండు.”

నేను నోరు తెరవబోయాను. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తన మొగుడి మాట నలుగురిలో కొట్టేయడానికి ఆమెకు మనసు రాలేదు. ఆ మర్యాద పాడుగాను! మా ఆయన కత్తి తీసుకుని పెరట్లోకి పోయాడు.

కూర పొయ్యి మీద పెట్టాను. అరుగు మీద జనం ఒక్కొక్కరే లేచిపోయారు. ముక్క ఉడకలేదు. కట్టెలు ఎగదోశాను, మళ్లీ నీళ్లు పోశాను. ఉడకలేదు. బస్సు వేళయిందని తమ్ముడు పప్పుతో రెండు ముద్దలు తిని, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. మామ అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

పొద్దు గుంకేవేళ అత్త పళ్లెంలో ఒక్క ముక్క వేసుకుని పోయి ఆయన ముందు పెట్టింది.

“నములు,” అంది. “దోగ్లానే గదా. నములు.”

ఆయన నోట్లో పెట్టుకుని నమిలాడు. దవడలు నొప్పి పుట్టేదాకా నమిలాడు. ముక్క తెగలేదు. చివరికి దాన్ని అరచేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

“చేతిల పట్టుకోంగనే తెల్సింది నాకు,” అన్నాడు. “నువ్వు దాటిచ్చి బతికిచ్చినవ్. ఇల్లు ఎతుక్కుంట అచ్చినదాన్ని నేను కోయిపిచ్చిన.”

అత్త ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అరుగు మీద గంపలు ఉన్నాయి. మామ పెరటి దారిన లోపలికి వచ్చి మంచం మీద పడుకున్నాడు.

“లేడని చెప్పు బిడ్డా,” అన్నాడు నాతో.

నేను బయటికి వెళ్లి అట్లాగే చెప్పాను. ఆయన బతికినన్నాళ్లూ అదే చెప్పాను.